రేకు పిల్లనగ్రోవి

వాద్యములను భరతుడు తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెగలుగా విభజించినాడు. తీగతో పలికేది ఒకటి, గాలితో పలికేది ఒకటి, తోలుతో పలికేది ఒకటి, కంచుతో పలికేది ఒకటి. నాదము ఎక్కడ పుడుతున్నది అన్నదే ఆ విభాగమునకు ఆధారము. వాద్యము వెల ఎంత, దానిని పట్టిన చేయి ఎవరిది అన్న ప్రశ్నకు అందులో తావు లేదు. శాస్త్రము అడుగని ఆ ప్రశ్నను లోకము మాత్రము అడుగుతూనే వచ్చినది. పెద్దవారి వాద్యమునకు చరిత్ర పుట్టినది. దానిని చెక్కిన వడ్రంగికి, కొనియిచ్చిన ప్రభువుకు, వాయించిన విద్వాంసునకు అందులో చోటు దొరికినది. సంతలో కొన్న ఈలను ఊదుకొంటూ ఇల్లు చేరే పిల్లవాడిని చూసి, ఆ ఈలకు కూడ ఒక చరిత్ర ఉండునా అని అడిగినవారు తక్కువ.

ఉన్నది. అది చిన్న చరిత్ర కాదు. ఒక జాతి తన భాషలో అధికభాగమును, తన జనములో ఎంతో భాగమును కోల్పోయిన శతాబ్దములో, దాని సంగీతమును సామాన్యుని చేతిలో నిలిపిన సాధనములలో కొద్ది నాణెములకు దొరికే ఒక రేకుగొట్టము కూడ ఉన్నది. ఇంగ్లీషులో దానిని టిన్ విజిల్ అనీ, పెన్నీ విజిల్ అనీ అంటారు. ఐర్లండు భాషలో దాని పేరు ఫాడోగ్ స్టాన్. మనము దానిని రేకు పిల్లనగ్రోవి అని పిలుచుకొనవచ్చును.

చూపునకు అది అతి సాధారణమైన వస్తువు. ఇంచుమించు అడుగు పొడవు గల సన్నని గొట్టము. పైవైపు ఆరు రంధ్రములు. కుడిచేతి మూడు వేళ్లు, ఎడమచేతి మూడు వేళ్లు వాటిని మూస్తవి. బొటనవ్రేలికి అడుగున రంధ్రము లేదు, మీటలు లేవు, చెవులు తిప్పి శ్రుతి చేసే పని లేదు. మన వేణువును అడ్డముగా పట్టుకొంటాము. పెదవియే గాలిని సన్నగా చీల్చి రంధ్రపు అంచుకు పంపవలసి ఉన్నది. ఆ పెదవి కుదురుటకే శిష్యునికి నెలలు పడుతుంది. రేకు పిల్లనగ్రోవిని నిలువుగా నోట పెట్టుకొంటారు. దాని మూతిలో ఒక చిన్న బిరడా ఉంటుంది. బిరడాకు, గొట్టపు గోడకు నడుమ విడిచిన సన్నని సందులోనుండి గాలి సాగి, ఎదుట కోసిన పదునైన అంచును తాకుతుంది. పెదవి చేయవలసిన పనిని బిరడా ముందే చేసి పెట్టినది. కాబట్టి తొలి ఊపిరికే స్వరము పలుకుతుంది. మరికొంత బలముగా ఊదితే అదే స్వరము పై స్థాయిలో పలుకుతుంది. ఆ విధముగా ఆరు రంధ్రములతోనే రెండు స్థాయిల సంగీతము చేతికి వస్తుంది.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. పక్షుల ఎముకలతో చేసిన ఈలలు డబ్లిను నగరములో హై స్ట్రీట్ తవ్వకములలో దొరికినవి. అవి 12వ శతాబ్దము నాటి నార్మనుల కాలమునకు చెందినవని నిర్ణయించినారు. స్కాట్లండులో నార్త్ బెర్విక్ వద్ద దొరికిన ఆరు రంధ్రముల లోహపు ఈల 14, 15 శతాబ్దముల నాటి కుండపెంకుల నడుమ బయటపడినది. 17వ శతాబ్దములో ఈ కుటుంబమునకే చెందిన ఫ్లాజొలెట్ అనే కొయ్యవాద్యము లండను మర్యాదస్థుల ఇండ్లలో మోగినది. 1660 నుండి 1669 వరకు దినచర్య రాసిన సామ్యూల్ పీప్స్ ఆ వాద్యమును ప్రీతితో వాయించినాడు. భార్యకు నేర్పుటకు ఒక ఉపాధ్యాయుని కూడ నియమించినాడు. ఫ్లాజొలెట్ చేయవలెనంటే మంచి కొయ్య కావలెను, దానిని తరిమెన పట్టే నేర్పరి కావలెను. వెల అందుకు తగినట్లే ఉండెడిది. కూలివాని చేతికి అది చేరవలెనంటే ముందుగా మరొక మార్పు రావలసి ఉన్నది. ఆ మార్పు సంగీతజ్ఞులు తెచ్చినది కాదు, ఇనుప మిల్లులు తెచ్చినది.

పలుచని ఇనుప రేకును శుభ్రపరచి, కరగిన తగరములో ముంచి తీస్తే తుప్పుపట్టని రేకు తయారవుతుంది. పేరుకు అది తగరపు రేకే అయినా అందులో తగరము పూత మాత్రమే, మిగిలినదంతా ఇనుము. 18వ శతాబ్దపు తొలి దశకములలో వేల్సుకు చెందిన పాంటిపూల్ ప్రాంతములో ఇనుమును చక్రముల నడుమ ఒత్తి సమానమైన రేకుగా సాగదీసే పద్ధతి కుదిరినది. తగరము ఇరుగు ప్రాంతమైన కార్న్‌వాల్ గనులనుండి వచ్చేది. 19వ శతాబ్దములో దక్షిణ వేల్సు ప్రపంచమునకే రేకును సరఫరా చేసే స్థానమునకు ఎదిగినది. ఆహారమును డబ్బాలలో నిలువచేసే పద్ధతికి 1810లో పీటర్ డ్యూరాండ్ హక్కుపత్రము పొందినాడు. గిన్నెలు, లాంతర్లు, డబ్బాలు, మూతలు అన్నీ ఆ రేకుతో తయారైనవి. వంటింటిలో ప్రవేశించిన ఆ రేకే కొంతకాలమునకు సంగీతములోను ప్రవేశించినది.

ఇంగ్లండు తూర్పుభాగమున సఫోక్ మండలములో కోనీ వెస్టన్ అనే పల్లె ఉన్నది. అక్కడ రాబర్టు క్లార్కు అనే వ్యవసాయ కూలీ ఉండేవాడు. అతనికి ఒక కొయ్య ఈల ఉండేదనీ, కొత్తగా వచ్చిన తగరపు రేకును చూచి అటువంటి ఈలను దానితో చేయబూనినాడనీ అంటారు. అది 1843వ సంవత్సరము. రేకును కోసి, ఒక కడ్డీచుట్టూ చుట్టి, అంచులను కలిపినాడు. మూతిలో కొయ్యబిరడా బిగించినాడు. రేకును చుట్టిన తీరు వలన గొట్టము పైన వెడల్పుగాను క్రింద సన్నముగాను వచ్చినది. ఆ ఆకారము వలననే దాని నాదములో గాలిపాలు ఎక్కువై, ఒకవిధమైన మెత్తదనము ఏర్పడినది. పల్లెలో కొనేవారు ఎంతమంది? క్లార్కు పనిముట్లను తోపుడుబండి మీద వేసుకొని, కుమారుని వెంటబెట్టుకొని, దారిలో సంత కనబడినచోటల్లా ఆగి ఈలలు చేసి అమ్ముకొంటూ, వాయవ్యముననున్న మాంచెస్టరు వరకు నడిచి పోయినాడని ఆ సంస్థవారు తరతరములుగా చెప్పుకొనే కథ. అక్కడ న్యూ మోస్టనులో అతడు కర్మాగారము పెట్టినాడు. అతని పేరు గల ఈలలు నేటికీ తయారవుతున్నవి.

పెన్నీ ఈల అన్న మాట క్లార్కుకు ముందునుండియే ఇంగ్లీషులో ఉన్నది. కాబట్టి చౌక ఈలను అతడే పుట్టించినాడనుట సరికాదు. ఒకే కొలతకు, ఒకే శ్రుతికి, వేలకొలది ఈలలు చేయుటకు వీలైన పద్ధతిని కుదిర్చినవారిలో అతడు మొదటివాడు అనుట న్యాయము. ఆ భేదము చిన్నది కాదు. ఇద్దరు పిల్లలు చెరియొక సంతలో కొన్న రెండు ఈలలు ఒకే శ్రుతిలో పలికినప్పుడే ఇద్దరు కలిసి వాయించగలరు. రాజు కోరికపై చేసిన వాద్యమునకు లేని ఈ గుణము యంత్రము మీద చేసిన వాద్యమునకు అబ్బినది.

ఈలను కొన్నవారు ఎవరు? అప్పటి మాంచెస్టరు పరిసరములలో మిల్లులలోను, రైలుమార్గపు తవ్వకములలోను ఐర్లండునుండి వచ్చిన కూలీలు వేలమంది పనిచేస్తున్నారు. వారి జేబులలో చేరి ఆ ఈల సముద్రము దాటినది. సరిగా రెండేళ్లకు, 1845లో, ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకినది. 1852 వరకు సాగిన ఆ మహాక్షామములో ఇంచుమించు పదిలక్షలమంది చనిపోయినారు. అంతకంటె ఎక్కువమంది దేశము విడిచి వెళ్లినారు. 1841 జనాభా లెక్కలలో 81 లక్షలకు పైబడిన జనము 1851 నాటికి 65 లక్షలకు దిగినది. చచ్చినవారిలోను, ఓడ ఎక్కినవారిలోను అధికసంఖ్యాకులు పల్లెలలోని పేదలు. పాట తెలిసినవారూ వారే, పాత భాష మాట్లాడేవారూ వారే. ఐర్లండు సంగీతమును సేకరించిన జార్జి పీట్రీ 1855లో తన సంపుటమును ప్రకటిస్తూ, క్షామము తరువాత పల్లెలలో ఆవరించిన నిశ్శబ్దమును గూర్చి వేదనతో రాసినాడు. పొలములో పాట విననిరావడము లేదన్నదే అతనికి తోచిన పెద్ద నష్టము.

పెద్ద వాద్యముల స్థితి అంతకు ముందే దిగజారినది. ఐర్లండు రాజ్యచిహ్నమైన హార్పును వాయించే వృత్తిగాయకులు, వారిని పోషించిన దొరల కుటుంబములు కూలిపోవడముతో, ఊరూరా తిరిగే బిచ్చగాండ్ర స్థితికి వచ్చినారు. 1792లో బెల్‌ఫాస్టులో వారి కొరకు సభ జరిపినప్పుడు వచ్చిన ఐర్లండు వాద్యకులు పదిమంది మాత్రమే. వారిలో డెనిస్ హెంప్సన్ 97 ఏండ్ల వృద్ధుడు. లోహపు తీగలను గోళ్లతో మీటే పాత పద్ధతి ఆ సభలో అతనికే తెలియును. వారు వాయించిన వరుసలను రాసుకొనుటకు ఎడ్వర్డు బంటింగ్ అనే 19 ఏండ్ల యువకుని నియమించినారు. బంటింగ్ రాసుకొన్నాడు, 66 వరుసలతో తొలి సంపుటమును ప్రకటించినాడు. అందులో వరుసలే ఉన్నవి, పదములు లేవు. పదములను సేకరించుటకు 1802లో పాట్రిక్ లించ్ అనే ఐరిష్ పండితుని పడమటి పల్లెలకు పంపినారు. అతడు కాలినడకన తిరిగి ఎన్నో పాటలు రాసి తెచ్చినాడు. అయినా 1809లో వచ్చిన రెండవ సంపుటములో వరుసల క్రింద కనబడినవి ఇంగ్లీషు పద్యములు. బంటింగ్ ప్రకటించిన వరుసలనే తీసుకొని థామస్ మూర్ 1808 నుండి ఇంగ్లీషు గీతములు రాసి, లండను విడిదిళ్లలో ఎనలేని కీర్తి పొందినాడు.

సాహిత్యకారులు ఇక్కడ ఒక క్షణము ఆగి ఆలోచింపవలసి ఉన్నది. వరుసకు గిరాకి ఉన్నది. దాని మాటకు లేదు. 1851లో ఐరిష్ మాట్లాడేవారు 15 లక్షలకు పైగా ఉంటే, 1901 నాటికి వారు 6,40,000 పైచిలుకునకు తగ్గినారు. కాని నాట్యపు వరుసలు, శోకగీతముల రాగములు నిలిచినవి. అవి సంపుటములలో మాత్రమే నిలిచి ఉంటే గ్రంథాలయపు నిధులుగా మిగిలెడివి. అవి నోటినుండి చెవికి, చెవినుండి వ్రేలికి సాగుట వలన సజీవముగా నిలిచినవి. అట్లు నిలుచుటకు వాద్యము కావలెను. ఐర్లండు తిత్తిబూర అయిన ఊలీన్ పైపులు చేయించుకొనుట కూలివాని తరము కాదు. ఫిడేలు కొంత చౌక. యూరపు వాద్యమేళములు 1847 తరువాత థియోబాల్డ్ బోమ్ రూపొందించిన కొత్త వేణువువైపు మళ్లడముతో పాత కొయ్యవేణువులు తక్కువ వెలకు పల్లెలకు చేరినవి. ఏ వాద్యమూ లేనివారు నోటితోనే వరుసలను పలికి నాట్యము సాగించినారు. వీటన్నిటి సరసన, అన్నిటికంటె చౌకగా, రేకు పిల్లనగ్రోవి నిలిచినది. ఐర్లండు సంగీతమును అది ఒక్కటే కాపాడినదని అనుట అతిశయోక్తి. అది లేకుంటే ఎందరో పేదపిల్లలకు వాద్యమే లేకపోయెడిదనుట సత్యము.

దేశము విడిచినవారు కూడ తమ వరుసలను వెంట తీసుకొనిపోయినారు. కార్క్ మండలములో 1848లో, క్షామము నడుమ పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ యౌవనములోనే ఓడలో పనికి కుదిరి ఇల్లు విడిచినాడు. చివరకు అతడు షికాగో నగరమున పోలీసు శాఖలో చేరి, 1901లో దానికి అధిపతి అయినాడు. ఆ నగరములో చేరిన ఐర్లండు వాద్యకులనుండి వరుసలు సేకరించి, 1903లో 1,850 వరుసలతో పెద్ద గ్రంథము ప్రకటించినాడు. స్వరలిపి రాసిపెట్టినవాడు అదే ఇంటిపేరు గల జేమ్స్ ఓనీల్. ఒక దేశపు పల్లె సంగీతమునకు అతి విస్తృతమైన సంపుటములలో ఒకటి మరొక ఖండములో, ఒక పోలీసు అధికారి పూనికతో తయారైనది. అది తిరిగి ఐర్లండు పల్లెలకే చేరి, అక్కడి వాద్యకులకు ప్రామాణికమైనది.

ఇంత పని చేసిన వాద్యమునకు గౌరవము మాత్రము ఆలస్యముగా దక్కినది. అది ఆటవస్తువనీ, బిచ్చగానికి తోడనీ చాలకాలము భావించినారు. హెన్రీ మేహ్యూ లండను పేదల జీవితమును గూర్చి సంకలనము చేసిన గ్రంథములో, వీధిలో రేకు ఈల వాయించి పొట్టపోసుకొన్నవాని కథ కూడ ఉన్నది. రాబర్టు లూయీ స్టీవెన్సన్ స్వయముగా ఫ్లాజొలెట్ వాయించుకొనే రచయిత. 1889లో, సవతి కుమారునితో కలిసి రాసిన ‘ది రాంగ్ బాక్స్’ అనే నవలలో, పెన్నీ ఈల నేర్చుకొంటున్నవాడు ఎవరికీ ఎన్నడూ వినబడడేమి, ఆరితేరినవాడే వినబడుతాడేమి అని చమత్కరించినాడు. చమత్కారమే అయినా అందులో ఒక పరిశీలన ఉన్నది. పియానో నేర్చుకొనే పిల్లకు గురువు, గది, వేళ, వినేవారి ఓపిక అన్నీ ఉన్నవి. ఈల నేర్చుకొనే పిల్లవాడు పశువుల వెంట, పొలము గట్టున, ఎవరూ వినని చోట నేర్చుకొంటాడు. అతని సాధనకు సాక్షి లేడు. కాబట్టి అతనికి సాధనయే లేదని లోకము తీర్మానించినది.

నిజమునకు దాని సాధన తేలిక కాదు. తొలి స్వరము సులభముగా వస్తుంది. ఆ సులభమే తరువాత అడ్డు. గాలి బలము పెంచితే ధ్వని పెరుగుటతో ఆగక శ్రుతి కూడ పెరుగుతుంది. కాబట్టి ధ్వనిని హెచ్చించి తగ్గించి భావము తెచ్చుట ఇందులో సాధ్యము కాదు. భావమంతా వ్రేళ్లలోనే పుట్టవలెను. ఒక స్వరమునకు ముందు పై వ్రేలిని రెప్పపాటు ఎత్తుతారు; క్రింది రంధ్రముపై వ్రేలితో తటాలున కొడతారు; ఈ రెంటిని కలిపి ఒకే స్వరమును మూడుగా విరుస్తారు. మన గమకము స్వరమునుండి స్వరమునకు జారుతుంది, ఊగుతుంది. వారి అలంకారము స్వరమును ఖండించి, నాట్యపు అడుగునకు కావలసిన ఊనికను ఇస్తుంది. శ్వాసను ఎక్కడ తీసుకొనవలెను, అందుకై ఏ స్వరమును విడువవలెను అన్నది ఒక్కొక్క వాద్యకుని శైలి. క్లేర్ మండలములోని డూలిన్ పల్లెకు చెందిన మైకో రస్సెల్ (1915–1994) రైతుకుటుంబమున పుట్టి, చెవితోనే నేర్చినవాడు. అతని వాదనములో అలంకారము తక్కువ, శ్వాస ఎక్కువ. 1973లో అతడు రేకు పిల్లనగ్రోవికి అఖిల ఐర్లండు బహుమతి గెలిచినాడు. ఆరేళ్లకు, 1979లో, మేరీ బెర్గిన్ ‘ఫాడోగా స్టాన్’ అనే పేరుతో వెలువరించిన రికార్డు ఆ వాద్యములోనే మరొక కొసను చూపినది; వేగము, నిర్మలత్వము రెండూ అందులో ఒకటైనవి. వారిద్దరినీ ఒకరి తరువాత ఒకరిని విన్నవారు దానిని ఆటవస్తువు అనజాలరు.

ఈ గౌరవమునకు వెనుక సంస్థలు కూడ ఉన్నవి. 1951లో ఐర్లండు వాద్యకులు తమ సంఘమును స్థాపించుకొని, ఏటేటా ఉత్సవములు, పోటీలు జరుపసాగినారు. పాఠశాలలలో చిన్నపిల్లలకు తొలి వాద్యముగా రేకు పిల్లనగ్రోవి ప్రవేశించినది. తిత్తిబూర విద్వాంసులు అనేకులు ముందు దీనిమీద వ్రేళ్లు కుదిర్చుకొని, తరువాత ఆ పెద్ద వాద్యమునకు వెళ్లినవారే. ఊలీన్ పైపుల వాదనమును 2017లోను, ఐర్లండు హార్పు వాదనమును 2019లోను యునెస్కో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఆ రెండు పెద్ద వాద్యములకు రక్షణ కావలసివచ్చినది. పిల్లల పుస్తకముల సంచిలో ఉన్నదానిని రక్షించుటకు ప్రత్యేకముగా ఎవరూ పూనుకొనవలసిన అవసరము రాలేదు.

అయితే చౌక వాద్యమును పొగడి ఊరకుండుట ఒక ప్రమాదము. వాద్యము చౌకైతే వాద్యకుని శ్రమను కూడ చౌకగా లెక్కించే గుణము లోకమునకు ఉన్నది. దీనికి సాక్ష్యము దక్షిణాఫ్రికాలో దొరుకుతుంది.

1948లో అధికారమునకు వచ్చిన వర్ణవివక్ష ప్రభుత్వము నల్లవారిని నగరముల అంచులలోని వాడలకు నెట్టివేస్తున్న కాలములో, జోహాన్నెస్‌బర్గు వీధులలో నల్లపిల్లలు రేకు పిల్లనగ్రోవి పట్టినారు. స్కాట్లండు పటాలముల వాద్యమేళములను చూచి అనుకరించిన పిల్లల ఊరేగింపులు అంతకు ముందే ఉన్నవి. అమెరికా నల్లవారి జాజ్ సంగీతమును రికార్డులలో వినిన ఈ పిల్లలు దానిని ఆరు రంధ్రములలో పలికించబూనినారు. ఈలను నిలువుగా పట్టక, నోటి మూలకు చేర్చి వాల్చి ఊదితే నాదము నిండుగా వచ్చునని కనిపెట్టినారు. ఆ సంగీతమునకు క్వేలా అని పేరు. జూలూ భాషలో ఆ మాటకు ‘ఎక్కు’ అని అర్థము. పోలీసు బండికి వాడలలో క్వేలా-క్వేలా అని మారుపేరు. ‘టామ్ హార్క్’ అనే ప్రసిద్ధమైన రికార్డు తొలి భాగములోనే ఈ సంగతి వినబడుతుంది: వీధిలో పాచికలాడే కుర్రవాండ్రు పోలీసు బండి రాకను గుర్తించి, జూదము దాచి, ఈలలు తీసి వాయించసాగుతారు.

ఎలియాస్ లెరోలే బృందము వాయించిన ఆ రికార్డు 1958లో బ్రిటనులో అమ్మకముల పట్టికలో రెండవ స్థానము వరకు ఎక్కినది. ఆ కాలపు నల్లవాద్యకులకు రికార్డుకు ఒక్కసారి ఇచ్చే కూలియే ప్రతిఫలము. ఎన్ని ప్రతులు అమ్ముడైనా వారికి భాగము ఉండెడిది కాదు. 1954లో ‘ఏస్ బ్లూస్’ అనే రికార్డుతో దేశమంతటా పేరు మోగిన స్పోక్స్ మాషియానే 1958లో సంస్థ మారినప్పుడు అమ్మకముపై భాగము పొందే ఒప్పందము సంపాదించినాడు. అక్కడి నల్లవాద్యకులలో అట్టి హక్కు పొందిన మొదటివాడు అతడేనని చెప్పుతారు. అప్పటికే అతడు సాక్సఫోనును చేపట్టినాడు, శ్రోతల అభిరుచి కూడ అటు మళ్లినది, క్వేలా వెనుకబడినది. స్పోక్స్ మాషియానే 1972లో, నలభై ఏండ్లైనా నిండకుండ మరణించినాడు. కొద్ది నాణెముల ఈల కోట్ల చెవులకు చేరినది. ఆ నాదపు లాభము ఊపిరి పోసినవారికి చేరలేదు.

చిన్న వాద్యము ఎంత దూరము పోగలదో చెప్పుటకు మన సంగీతములోనే మరొక సాక్ష్యము ఉన్నది. పంటితో పట్టి, నాలుకను వ్రేలితో మీటే ఇనుప మోర్సింగు ఆసియా, యూరపు ఖండములంతటా గొల్లల చేతిలో, సైనికుల జేబులో తిరిగిన వస్తువు. ఆస్ట్రియాలోని మోల్న్ పట్టణమున దానిని చేసే కమ్మరులు 1679లోనే శ్రేణిగా ఏర్పడినారు. దేశదేశములలో పల్లెవాద్యముగా మిగిలిన ఆ మోర్సింగు దక్షిణదేశ కచేరీలో మృదంగము సరసన కూర్చున్నది. తనియావర్తనములో మృదంగపు జతులకు బదులు చెప్పుతున్నది. జర్మనీలో ట్రాసింగెన్ పట్టణమునందు 1857లో మత్తియాస్ హోనర్ చేయనారంభించిన నోటి వాద్యము మౌత్ ఆర్గన్ పేరుతో మన ఊళ్ల కుర్రవాండ్ర చొక్కా జేబులకు చేరినది. చిన్నదనము వాద్యమునకు స్వభావముగా వచ్చిన తక్కువ కాదు. దానిని పట్టినవారు దానినుండి ఏమి అడిగినారన్నదే అన్నిటికీ మూలము.

చివరగా, ఐర్లండు కథను మన కథ ప్రక్కన పెట్టి చూడవలెననిపిస్తుంది. వారి సేకర్తలు వరుసను రాసి పదమును విడిచినారు. మన సేకర్తలు పదమును శ్రద్ధతో రాసినారు. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ 1958లో వెలువడినప్పటినుండి ఆ రంగములో తెలుగు పరిశోధన ఎంతో సాగినది. అది సాహిత్యపరిశోధన, అందులో పదము ప్రధానమగుట సహజమే. కాని అచ్చుపుటలో దంపుళ్ల పాట చదివినవాడు రోకటి పోటు ఏ అక్షరము మీద పడుతుందో ఎట్లు తెలుసుకొనగలడు? వారికి మాట లేని వరుస మిగిలినది; మనకు చాలచోట్ల వరుస లేని మాట మిగిలినది. ఏది పెద్ద నష్టము అని తూచుట నిష్ప్రయోజనము. రెండు చోట్లా సేకర్త చేతిలో ఉన్న సాధనమే, నిలిచేదేమిటో నిర్ణయించినది. సంగీతజ్ఞుడు స్వరలిపితో వెళ్లినాడు, సాహిత్యపరుడు కలముతో వెళ్లినాడు.

నేడు ధ్వనిని పట్టి దాచే యంత్రము ఇంచుమించు ప్రతివాని చేతిలోను ఉన్నది. పాటను రాసుకొనుటకు పల్లెకు వెళ్లే రచయిత ఆ పాడేవారి గొంతును కూడ వెంట తీసుకొని రాగలడు. పాడినవారి పేరును, ఊరును వారి అనుమతితో పాట ప్రక్కనే రాయగలడు. పాటకు ప్రతిఫలము వచ్చినప్పుడు అందులో వారి భాగమును వారికి చేర్చగలడు. ఇందుకు పెద్ద విద్వత్తు అవసరము లేదు. రేకును కోసి చుట్టిన కోనీ వెస్టన్ కూలీకి కూడ సంగీతశాస్త్రము తెలియదు. ఇద్దరు పేదపిల్లలు కొన్న రెండు ఈలలు ఒకే శ్రుతిలో పలుకవలెనన్న జాగ్రత్త మాత్రము అతనికి ఉన్నది.